తలుపు గిలుపు

అద్దాలక్క ఏ మాటనూ ఒంటరిగా బయటికి పంపేది కాదు. కాఫీ బయల్దేరితే దాని వెనకాలే గీఫీ నడిచేది. చూపు బయల్దేరితే దాని కొంగు పట్టుకుని గీపు వచ్చేది. కళ్ళజోళ్ళ షాపులో అడుగుపెట్టిన ప్రతి మనిషికీ ఆమె మొదటి పలకరింపు అదే. "రండి, కూర్చోండి. చూపు గీపు ఎలా ఉందండీ?" వచ్చినవాళ్ళు చూపు సంగతి చెప్పేవాళ్ళు. గీపు సంగతి ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. ఎత్తిన ఒకే ఒక్క మనిషి వదిన.

వదిన అంటే భర్తకి అక్క. బళ్ళో తెలుగు చెప్పి రిటైరయిన మనిషి. తప్పులు దిద్దీ దిద్దీ ఆవిడ చూపుడువేలు ఎర్రబడిపోయిందనీ, అది సిరా కాదు, పిల్లల రక్తమనీ అద్దాలక్క వీధంతా చెప్పేది. వదిన అదే వీధి చివర ఒక్కతే ఉండేది. రోజూ సాయంత్రం షాపుకి వచ్చి, మూలనున్న ఎత్తు స్టూలు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళ భాషకి మరమ్మతులు చేసేది.

"చూపు సరే. గీపు అంటే ఏమిటే? నిఘంటువులో చూపించు," అందొకసారి.

"గీపు కంటికి కనపడదు వదినా. అందుకేగా జనం కళ్ళజోళ్ళు కొనుక్కునేది."

మర్నాడు వదిన వచ్చేసరికి బల్ల మీద రెండు కప్పులున్నాయి. ఒకదాంట్లో పొగలు కక్కుతున్న కాఫీ. రెండోది ఖాళీ. "ఇది కాఫీ, ఇది గీఫీ. ఏది కావాలంటే అది తీసుకోండి," అంది అద్దాలక్క. వదిన ఖాళీ కప్పు ఎత్తి, నింపాదిగా ఒక గుక్క తాగి, "చక్కెర ఎక్కువేశావు," అని కింద పెట్టింది.

వెనకగదిలో అద్దాలు అరగదీసే యంత్రం టక్కున ఆగింది. దాని ముందు కూర్చునే మనిషి నవ్వాలంటే యంత్రం ఆపుకోవాలి. ఆయన అద్దాలక్క భర్త. నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం చూసుకునే రకం. పెళ్ళయిన కొత్తలోనే ఆమె ఆయనకి 'మొద్దు' అని పేరు పెట్టింది. పేరు పెట్టి పిలిస్తే మర్యాద కాదని పెద్దవాళ్ళు కోప్పడితే, మర్యాదకి 'గారు' తగిలించింది. అప్పటినుంచీ ఆయన మొద్దుగారు.

షాపు గోడకి అక్షరాల బోర్డు ఉండేది. ఒక పెద్దమనిషి ఏడాదికోసారి వచ్చి, తన చూపు గరుడపక్షి చూపని నిరూపించుకోవడానికి ఆ బోర్డు పైనుంచి కిందికి గడగడా చదివి వెళ్ళేవాడు. ఒక ఏడు అద్దాలక్క ఆయన వస్తున్నట్టు చూసి బోర్డును గోడవైపు తిప్పేసింది. తెల్లటి అట్ట. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని ఆ అట్టమీద ఉన్నదంతా ఒక్క అక్షరం పోకుండా చదివాడు. ఆమె నవ్వలేదు. "భలే చదివారండీ. ఇంత సన్నవి నాకే కనపడవు," అని, ఆయన ముక్కు మీద దళసరి అద్దాలు పెట్టి బోర్డు ఇటు తిప్పింది. ఆయన ఈసారి బోర్డు చదవలేదు. తర్వాత మెల్లగా, "ఆకులు కనిపిస్తున్నాయి," అన్నాడు కిటికీలోంచి చూస్తూ. "చెట్టుకి ఆకులు విడివిడిగా ఉన్నాయి."

ఇలాంటి అద్దాలక్క ఇంట్లోకి, ఒళ్ళు కొంచెం కొంచెంగా కదలకుండా చేసే జబ్బు ఒకటి అద్దెకొచ్చినవాడిలా వచ్చింది. ముందు ఒక్క గది చాలంది. ఎడమచేతి చిటికెనవేలు తీసుకుంది. ఫ్రేముల మరలు జారిపోయేవి, వెతుక్కునేది. తర్వాత చెయ్యి కావాలంది, తర్వాత కాళ్ళు. నాలుక బరువెక్కినప్పుడు ముందుగా మానుకోవాల్సి వచ్చింది జంట మాటలనే. కాఫీ అనడానికే ఊపిరి చాలనప్పుడు గీఫీని ఎవరు మొయ్యగలరు?

మాట పూర్తిగా పోయాక మొద్దుగారు ఒక పారదర్శకపు రేకు కోసి, దానిమీద అక్షరాలు రాసి, ఆమె మొహం ముందు పట్టుకునేవారు. ఆమె అటునుంచి అక్షరాన్ని చూస్తే ఆయన ఇటునుంచి ఆ చూపు ఎక్కడ వాలిందో పోల్చుకునేవారు. ఎదురెదురుగా, మధ్యలో అక్షరాలతో, వాళ్ళిద్దరూ పెళ్ళయ్యాక ఎన్నడూ మాట్లాడుకోనంత మాట్లాడుకున్నారు. మందులు తెచ్చిన రోజున ఆమె కళ్ళు చాలాసేపు తిరిగి తిరిగి 'గిందులు' అని రాశాయి. ఆయన మందుల సంచి కింద పెట్టేసి నవ్వారు.

తర్వాత కళ్ళు కూడా ఆగిపోయాయి. రెప్పలు సగంలో నిలిచాయి. చూపు పైకప్పు మీద ఒకే చోట మేకు కొట్టినట్టు ఉండిపోయింది. ఊపిరి సంగతి యంత్రం చూసుకునేది. కళ్ళు ఎండిపోకుండా వదిన చుక్కల మందు వేసేది. తన ఇంటికి తాళం పెట్టి, షాపు వెనకే ఉన్న ఈ ఇంటికే వచ్చేసిందావిడ.

లోపల మాత్రం షాపు తెరిచే ఉంది. దీపాలన్నీ వెలుగుతున్నాయి. అద్దాలక్క ప్రతి చప్పుడూ వింటోంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు మంచం పక్కనే కూర్చుని "ఎంత సరదా మనిషో, ఎప్పుడూ నవ్విస్తూ ఉండేది" అంటున్నారు. ఆ 'ఉండేది' ఆమెకు ఈగ వాలినట్టు ఉండేది. తోలడానికి చెయ్యి లేదు. దానికన్నా ఆమెను భయపెట్టింది మొద్దుగారి గొంతు. రోజూ పొద్దున్నే వచ్చి షాపు కబుర్లు చెప్పే ఆ గొంతు రోజురోజుకీ పొట్టిదవుతోంది. చప్పుడు తిరిగిరాని బావిలో ఎంతకాలమని రాళ్ళు వేస్తారెవరైనా? ఆయన ఏదో ఒకరోజు ఇక ఆపేస్తారు. అప్పుడు తను ఉన్నట్టు తనకొక్కదానికే తెలుస్తుంది.

అలాంటప్పుడు ఆ టోపీ వచ్చింది.

తెచ్చింది పునరావాస కేంద్రం నుంచి ఒక అమ్మాయి. ఈతకొట్టేవాళ్ళు పెట్టుకునేలాంటి గుడ్డటోపీ. దాని నిండా బిళ్ళలు, బిళ్ళలకు తీగలు. ఆ తీగలన్నీ ఒక చిన్న కంప్యూటరులోకి పోతాయి.

"ఇన్నాళ్ళూ జనం మాటలతోనే టోపీ పెట్టేవాళ్ళు. మీరు నిజం టోపీయే తెచ్చారన్నమాట," అంది వదిన.

"డబ్బులేమీ తీసుకోమండీ," అంది ఆ అమ్మాయి కంగారుగా.

మంచం మీద మనిషి ఆ క్షణంలోనే ఆ పిల్లకి పేరు పెట్టేసింది. టోపీ పిల్ల.

టోపీ పిల్ల ఓపికగా చెప్పింది. కళ్ళు కదలక్కర్లేదు. చెవులు వింటే చాలు. చెవిలో ఒక గొంతు వరుసలు చదువుతూ పోతుంది. అచ్చులు, క వరుస, చ వరుస, ట వరుస, అలా. కావాల్సిన వరుస వినబడగానే మనసు చిన్నగా ఉలిక్కిపడుతుంది. ఎదురుచూస్తున్న మనిషి అడుగుల చప్పుడు వీధిలో వినిపిస్తే లోపల ఏదో లేచి నిలబడుతుంది కదా, అదే. ఆ ఉలికిపాటును టోపీ పట్టుకుంటుంది. వరుస దొరికాక అందులో అక్షరాలు, అక్షరం దొరికాక దాని గుణింతం. తలకట్టు, దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం. వత్తు కావాలంటే వత్తు. ఒక్కో అక్షరానికి ఆ చుట్లన్నీ చాలాసార్లు తిరగాలి, టోపీకి నమ్మకం కుదిరేదాకా.

"అంటే ఒకటో తరగతి మళ్ళీ మొదలన్నమాట," అంది వదిన. ఆ గొంతులో ఎక్కడో సంతోషం ఉంది.

తలంతా చల్లటి జిగురు పూసి టోపీ బిగించారు. చెవిలో వరుసలు మొదలయ్యాయి. అద్దాలక్క చాలా రోజులుగా దాచుకున్న మాట ఒకటుంది. 'మీ గొణుగుడు ఆపండి వదినా' అని. ప వరుస కోసం కాచుకుని కూర్చుంది. వచ్చింది. మ. గుడిదీర్ఘం. మీ. అక్షరం తెర మీద పడగానే టోపీ పిల్ల చప్పట్లు కొట్టింది. అద్దాలక్క మళ్ళీ క వరుస కోసం చెవి ఒగ్గింది. అంతలో మంచం పక్కనున్న స్పీకరు, వార్తలు చదివేవాళ్ళ గొంతుతో, "మీ సేవకు ధన్యవాదాలు," అంది.

అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది అద్దాలక్క.

సరే పోనీ అని ఈసారి భర్తని పిలవబోయింది. మొ. ఇంక ద, దానికింద ద వత్తు. స్పీకరు ఆగలేదు. "మొత్తం మీద బాగున్నాను," అంది.

మొద్దుగారు అద్దాలు తుడిచే గుడ్డతోనే కళ్ళు తుడుచుకున్నారు. "బాగుందటక్కా," అన్నారు.

"నీ మొహం," అంది వదిన. "ఒరేయ్, నీ పెళ్ళాం ఎప్పుడన్నా 'మొత్తం మీద' అని మాట్లాడిందా?"

"లేదు."

"నాకు ఎప్పుడన్నా ధన్యవాదాలు చెప్పిందా?"

మొద్దుగారు నిజాయితీగా ఆలోచించారు. "లేదు."

"అదీ. ఈ మాట్లాడుతున్నది నా మరదలు కాదు. ఎవరో పత్రికాఫీసు గుమాస్తా."

శెభాష్ వదినా, అనుకుంది లోపల అద్దాలక్క. అనుకున్న మరుక్షణమే ఇంకో ఆలోచన వచ్చింది. గుమాస్తా మాట్లాడుతున్నాడని తేలిస్తే, మరి తను ఎక్కడున్నట్టు?

టోపీ పిల్ల ఒప్పుకుంది. యంత్రంలో ఒక నిఘంటువు ఉంది. ఒకటి రెండు అక్షరాలు పడగానే ఎక్కువమంది ఏమంటారో ఊహించి మాట పూర్తిచేస్తుంది, తప్పుంటే దిద్దుతుంది. ఎంతో శ్రమ తగ్గుతుంది. "ఎక్కువమంది అనేది నా మరదలు జన్మలో అనదమ్మాయ్," అంది వదిన. "ఇందులో యంత్రమెంత, మనిషెంత? అసలు మనిషి ఉందా?"

"అది తేల్చడానికే పరీక్ష ఉంది టీచర్ గారూ. వచ్చే వారం. మాటలు మీరే ఎంచుకుని, కాగితం మీద రాసిపెట్టుకుని, ఆవిడ చెవిలో చెప్పండి. నాక్కూడా తెలియకూడదు. చివర్న రెండూ పోల్చి చూస్తాం. ఎక్కువ మాటలు కలిస్తే టోపీ ఇక్కడే ఉంటుంది. లేకపోతే..." టోపీ పిల్ల గొంతు తగ్గించింది, మంచం మీద మనిషికి వినబడనంత అనుకుని. "మా దగ్గర ఉన్నది ఇదొక్కటే అండీ. ఇంకో ఇంట్లో ఎదురు చూస్తున్నారు. ఇక్కడ జవాబు లేదని రాసుకుని తీసుకెళ్ళిపోవాలి."

"జవాబు లేదంటే?"

"ఆవిడ వింటున్నారో లేదో చెప్పలేం అని."

మొద్దుగారి చెప్పుల చప్పుడు వెనకగదిలోకి వెళ్ళింది. యంత్రం తిరిగిన చప్పుడు మాత్రం రాలేదు.

పరీక్ష రోజున వదిన తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని కూర్చుంది. బళ్ళో ఇన్‌స్పెక్షన్‌కి కట్టుకునేలాంటి చీర అని గరగరలాడే చప్పుడును బట్టే తెలిసింది అద్దాలక్కకి. ముందు అలవాటు కోసం ఒక మాట. వదిన చెవిలో "నీళ్ళు" అంది. అద్దాలక్క బుద్ధిగా న పట్టుకుంది, గుడిదీర్ఘం పట్టుకుంది. మిగతాది యంత్రం అందుకుంది. "నీళ్ళు," అంది స్పీకరు.

"కరెక్టేనా టీచర్ గారూ?"

"కరెక్టే. నీ అనగానే నీళ్ళు అనడానికి మనిషి అక్కర్లేదు. కొళాయి కూడా అంటుంది," అంది వదిన.

అప్పుడు అద్దాలక్కకి సంగతి స్పష్టంగా కనిపించింది. సరిగ్గా రాస్తే ఆ ఘనత గుమాస్తాది. తప్పు రాస్తే తను లేదు. టోపీ ఉండాలంటే కేంద్రంవాళ్ళు నమ్మాలి, తను ఉండాలంటే వదిన నమ్మాలి. కేంద్రంవాళ్ళ ముందు చదువుకున్నట్టు ఉండాలి, వదిన ముందు తనలా ఉండాలి. రెండు పడవలు. కాళ్ళా, లేవయ్యె.

వదిన చెవి దగ్గరికి వంగింది. "పిల్లి."

చాలా నెలల తర్వాత లోపల ఎక్కడో ఒక కిటికీ దానంతటదే తెరుచుకుంది. గాలి వచ్చింది. ఆ మాట ఒంటరిగా నిలబడి ఉంది పాపం, చలిలో. దానికి జత కావాలి. చెవిలో గొంతు మొదలెట్టింది. అచ్చులు. క వరుస. ఆ వరుస వినగానే అద్దాలక్క మనసు ఉలిక్కిపడలేదు, గోడ దూకింది. గ. గుడి. ల. ల వత్తు, మళ్ళీ గుడి.

"గిల్లి," అంది స్పీకరు.

"ఎవరు గిల్లారు?" అంది వదిన గాభరాగా. "అమ్మాయ్, టోపీ బిగుతుగా ఉందేమో చూడు. గిల్లుతోందంటోంది."

టోపీ పిల్ల టోపీ పట్టీ వదులు చేసింది, బిళ్ళలు సర్దింది, మళ్ళీ జిగురు పూసింది. అద్దాలక్క లోపల తల బాదుకుంది. పోనీలే, ఇంకో మాటకి అర్థమవుతుంది. వదిన కదా.

"తలుపు," అంది వదిన చెవిలో.

ఈసారి అద్దాలక్క ఎంతో శ్రద్ధగా కట్టింది. గి. లు. పు. మూడు అక్షరాలూ పూలు గుచ్చినట్టు గుచ్చి, వదిన నవ్వు కోసం ఎదురుచూస్తూ పడుకుంది. స్పీకరు గొంతు సవరించుకున్నట్టు ఒక్క క్షణం ఆగి, "గెలుపు," అంది.

జోకు చెప్పేవాడి నోటికి అడ్డంగా ఆ గుమాస్తాయే పంతులై కూర్చున్నాడు. "చీర" అని వదిన చెబితే ఆమె 'గీర' రాసింది. పంతులు దాన్ని దిద్ది "గీత" అన్నాడు. "బడి" అని చెబితే 'గిడి' రాసింది. "గడి" అన్నాడు పంతులు, వార్తల గొంతుతో, ఎంతో మర్యాదగా.

ఇప్పటికైనా ఆగి సరిగ్గా రాయవచ్చు. ఆ సంగతి అద్దాలక్కకి తెలుసు. తెలిసీ నాలుగో మాటకి కూడా ఆగలేకపోయింది. కొందరికి తుమ్ము ఆగదు.

టోపీ పిల్ల చెప్పిన మాటల్నీ వచ్చిన మాటల్నీ పక్కపక్కన పెట్టి చూసింది. "ఒక్కటీ కలవలేదండీ."

ఊపిరి యంత్రం ఒక్కటే మాట్లాడుతోంది, అది ఎప్పుడూ చెప్పే రెండు ముక్కలూ చెబుతూ. కాసేపటికి గడ్డం కింద పట్టీ విప్పుతున్న వేళ్ళు తగిలాయి అద్దాలక్కకి. మెత్తటి వేళ్ళు, జిగురుతో చల్లగా. వద్దు, అనుకుంది ఆమె. వద్దు అన్న మాటకు ఉలిక్కిపడే వరుస చెవిలో లేదు. గొంతు ఆపేసి ఉంది.

"ఆగు," అంది వదిన. "అన్నీ గ తోనే ఎందుకొచ్చాయి?"

"క వరుస ముందే వస్తుంది కదండీ. మనసు అలసిపోతే మొదట్లోనే తడబడుతుంది."

"తడబడితే క దగ్గర పడాలి. మూడో మెట్టు దాకా ఎక్కి మరీ ఎవరు పడతారు?" చీర గరగరలాడింది. వదిన లేచి నిలబడింది. "అమ్మాయ్, నేను పేపర్లు దిద్దేదాన్ని. ఎంత దిద్దినా ఎర్రగీత కింద పిల్లవాడు రాసిన తప్పు కనపడుతూనే ఉంటుంది. మీ యంత్రం దిద్దిందన్నావు కదా. ఆ కింద నా మరదలు రాసిన తప్పులున్నాయా, చెరిపేశారా?"

"ఉంటాయండీ." మీటల చప్పుడు. టోపీ పిల్ల తడుముకుంటూ చదివింది. "గిల్లి. గిలుపు. గీర. ఇవి పొంతన లేని మాటలండీ, వీటికి అర్థం..."

"పక్కకి జరుగు." వదిన కళ్ళజోడు పెట్టుకున్న చప్పుడయింది. తర్వాత పద్యం చదివినట్టు, ఆగి ఆగి, వదిన గొంతు. "పిల్లి, గిల్లి." "తలుపు, గిలుపు." "చీర, గీర. బడి..."

"గిడి," అన్నారు గుమ్మంలోంచి మొద్దుగారు.

ముందు నవ్వింది టోపీ పిల్ల. ఉద్యోగం గుర్తొచ్చి ఆపుకోబోయింది, ముక్కులోంచి వచ్చేసింది. వదిన నవ్వలేదు. మంచం అంచు మీద కూర్చుని, మరదలి బుగ్గ పట్టుకుని, "ఒసేయ్ దొంగముండా," అంది. ఆ గొంతు తడిసి ఉంది. "ఇన్ని నెలల నుంచి లోపల కూర్చుని ఇదా నువ్వు చేస్తున్న పని? టోపీ పోయేదే. పోతే ఏం చేద్దామనే?"

మొద్దుగారు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. దుప్పటి అంచు సరిచేశారు. చివరికి, "షాపు గీపు బాగానే నడుస్తోంది," అన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన అన్న మొదటి జంట మాట అది. అని, సిగ్గుపడి, ఎవరు ఏ ఫ్రేము కొన్నదీ, ఎవరు బేరమాడి కొనకుండా పోయిందీ, ఆపకుండా చెప్పుకుంటూ పోయారు. అద్దాలక్క ఆ గొంతు పొడుగు కొలుచుకుంటూ వింది.

టోపీ పిల్ల ఇబ్బందిగా అంది. "నేను నమ్ముతున్నానండీ. కానీ కేంద్రంలో నమ్మరు. చెప్పిన మాటే రాయాలని రూలు. ఇంకొక్క విడత ఉంది. నిఘంటువు తీసేస్తాను, దిద్దడాలు ఉండవు. ఈసారి మాత్రం చెప్పినట్టు రాయమని ఆవిడకి చెప్పండి."

"చెప్పినట్టు చెయ్యమని దీనికి చెప్పాలా? మా అమ్మ చెప్పి చూసింది, అత్తగారి హోదాలో. నేను చెప్పి చూశాను. గోడకి చెబితే బీటలు వారింది."

రాస్తాను వదినా, అనుకుంది అద్దాలక్క. ఈసారి బుద్ధిగా రాస్తాను. అనుకుంటూనే భయపడింది. తన మనసు సంగతి తనకి తెలుసు. ఒకసారి నవ్వు దొరికిన మనసు మళ్ళీ బడికి రాదు. పిల్లిని పిల్లి అంటే దానికి ఆవులింత వస్తుంది. ఆవులించే మనసు ఉలిక్కిపడదు. ఉలిక్కిపడకపోతే టోపీకి ఏమీ దొరకదు. బుద్ధిగా ఉన్నా ఓటమే, అల్లరి చేసినా ఓటమే.

పట్టీ మళ్ళీ బిగిసింది. చెవిలో గొంతు సిద్ధమైంది. వదిన వెంటనే వంగలేదు. కుర్చీలో కూర్చుని ఏదో ఆలోచిస్తోంది. ఆలోచిస్తున్నప్పుడు వేలితో బల్ల మీద కొట్టే అలవాటు వదినకి. టక్. టక్. ఆగింది. అప్పుడు వంగి, చెవిలో చాలా మెత్తగా అంది.

"గిన్నె."

అద్దాలక్క మనసు అలవాటు కొద్దీ జత కోసం పరిగెత్తింది. పరిగెత్తి గోడకి గుద్దుకుంది. గిన్నె. గిన్నె. ఈ మాట ముందే గి తొడుక్కుని వచ్చింది. జోకు వేస్తే గిన్నె. బుద్ధిగా రాస్తే గిన్నె. వెనకనుంచి వెళ్ళి చూసింది, పక్కనుంచి చూసింది. మూత బిగించిన పాలగిన్నె చుట్టూ తిరిగే పిల్లిలా ఆ మాట చుట్టూ తిరిగింది. ఎక్కడా సందు లేదు. వదిన అన్ని వైపులా కట్టేసి, మధ్యలో తనని కూర్చోబెట్టి, పైనుంచి చూస్తోంది.

ఎంత మోసం. ఎంత మోసం చేసింది ముసల్ది. అద్దాలక్కకి ఒళ్ళు మండింది. లేని చేతులు చప్పట్లు కొట్టాయి. ఆ మంటలో, ఆ సంబరంలో, క వరుస వచ్చింది. ఆమె మనసు ఎగిరి దాని మెడ పట్టుకుంది. గ. గుడి. న. న వత్తు. ఎత్వం.

"గిన్నె," అంది స్పీకరు.

వదిన మళ్ళీ వంగింది. "గిలక." దొంగమొహం, అనుకుంది అద్దాలక్క, గిలక రాస్తూ. "గీత." రాయించండి రాయించండి, నా రోజు రాకపోదు. "గిరాకీ." మొద్దుగారి అక్కవి కదా, ఇంత బుర్ర ఎక్కడిది నీకు? కోపంలో మీరు కాస్తా నువ్వైపోయింది, వినేవాళ్ళు లేరు కనక సరిపోయింది. "గిట్టుబాటు." ఆ ట వత్తు దగ్గర కాసేపు తడబడింది. నవ్వు ఆపుకోవడం వల్ల.

టోపీ పిల్ల పోల్చి చూసింది. మళ్ళీ చూసింది. "అన్నీ కలిశాయండీ." తర్వాత అనుమానంగా, "అన్నీ గి, గీలతోనే మొదలయ్యాయేమిటండీ?"

"మీ రూల్లో గి, గీ వద్దని ఉందా?"

"లేదండీ."

"మరింకేం. రాసుకో."

టోపీ పిల్ల రాసుకుంది. టోపీ తెచ్చిన పెట్టె మూసింది. పెట్టె ఖాళీగా మూసుకున్న చప్పుడు వేరే ఉంటుంది. అద్దాలక్క దాన్ని చెవుల నిండా వింది. వెళ్ళబోతూ ఆ పిల్ల అడిగింది, నిఘంటువు మళ్ళీ పెట్టమంటారా అని. లేకపోతే ఒక్కో మాటకీ చాలా సేపు పడుతుందని.

"నన్నడుగుతావేం? దాన్నడుగు."

అడిగారు. య వరుస, వ. త వరుస, ద. ద వత్తు, కొమ్ము. ఆ రెండక్షరాలకే టోపీ పిల్ల బస్సు ఒకటి వెళ్ళిపోయింది. పాపం, నవ్వుకుంటూ రెండో బస్సుకి వెళ్ళింది.

మధ్యాహ్నం వదిన కుర్చీని మంచానికి దగ్గరగా లాక్కుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. జీవితంలో మొదటిసారి చివరి మాట ఆవిడదైంది. ఆ రుచిని ఎంతసేపు నోట్లో ఉంచుకోవాలో అంతసేపూ ఉంచుకుంది.

"ఏమే మరదలా. నీ ఆట కట్టించానా లేదా? ఒప్పుకో."

చెవిలో వరుసలు మొదలయ్యాయి. మొదటి అక్షరం తెర మీద పడింది. ఓ.

"ఓ అంటే? ఓడిపోయాననా?"

అద్దాలక్క జవాబు పూర్తిగా తయారుగా ఉంది. పదునుగా, పొట్టిగా, వదిన ఈ వారమంతా నెమరేసుకునేలాంటిది. రాయాల్సిన వరుస దూరం నుంచి వస్తున్నట్టు వినిపించింది. చ వరుస అయింది, 'ఓడిపోయాను'కి కావాల్సిన ట వరుస కూడా అయిపోయింది. వదిన తెర మీదికి ముందుకు వంగిన చప్పుడు, కుర్చీ కిర్రుమన్న చప్పుడు. షాపు తెరవడానికి లేచిన మొద్దుగారు తాళాలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"ఏమిటే, ఎంతసేపు? నాకు అవతల పనుంది," అంది వదిన. లేచి వెళ్ళలేదు. ఇప్పుడు లేచి వెళితే ఎవరు గెలిచినట్టో ఆవిడకి తెలుసు.

కావాల్సిన వరుస వచ్చింది. అద్దాలక్క దాన్ని చూడనట్టు పోనిచ్చింది. ఇంకో చుట్టు తిరగనీ.